చెమట పట్టని రాజు

ఒకానొక రాజ్యంలో చెమట పట్టడం నేరంగా ఉండేది. నేరమంటే కొరడా దెబ్బలూ కారాగారమూ కావు. సభలో ఎవరి నుదుట చెమట కనబడినా ప్రతీహారి వచ్చి, భుజం తట్టి, బయటికి పంపేసేవాడు. దీపాలు పెట్టేవేళ దాకా మళ్ళీ రాజు ఎదుటికి రాకూడదు.

ఆ రాజ్యం పేరు వేలాపురి. తూర్పు సముద్రం ఒడ్డున ఉండేది. దాన్ని ఏలే చండకీర్తి మహారాజు మంచివాడే గాని, ఆ మంచితనం బయటికి కనబడనంత డాబు పైన పేరుకుపోయింది. "చెమట కూలివాడి సొత్తు. రాజుకూ, రాజు ఎదుట నిలబడేవాడికీ అది తగదు" అని ఒకనాడు సింహాసనం మీద కూర్చుని సెలవిచ్చాడు. అంతే, అది శాసనమైపోయింది. ఆడిన మాట వెనక్కి తీసుకోడని ఆయనకు పేరు. తప్పు మాట అయితే మరీ గట్టిగా పట్టుకునేవాడు.

తూర్పు తీరంలో వేసవి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళే పగిలేచోట మనిషి ఒళ్ళు పొడిగా ఉండాలంటే మాటలా? సభామందిరం కిటికీలన్నిటికీ వట్టివేళ్ళ తడికలు కట్టి, పగలంతా వాటిమీద నీళ్ళు చల్లేవారు. ఎండ పొడ గాని, గాలి పోగు గాని లోపలికి రాకూడదు. రాజుగారు తాగే నీళ్ళ కూజాలను సురేకారం కలిపిన నీళ్ళ తొట్టెలో దించి, పళ్ళు జివ్వుమనేలా చల్లబరిచేవారు. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఆయన తాగేది ఆ నీళ్ళే.

ఇంత చేసినా రాజుగారికి సుఖం లేదు. తల బరువు, కడుపు ఉబ్బరం, అన్నం చూస్తే వెగటు. రాత్రి నిద్ర పట్టదు, పగలు కునికిపాట్లు ఆగవు. కోపం మాత్రం వేళ తప్పకుండా వచ్చేది. ఆస్థాన వైద్యుడు వేదగిరి శాస్త్రి రోజూ వచ్చి చూసి, "ఒంటిమీద చెమట చుక్క లేదు. ఏలినవారి ఆరోగ్యం అద్దంలా ఉంది" అనేవాడు. రాజు ఏది వినాలనుకుంటాడో అది చెప్పడమే ఆయన నేర్చిన వైద్యం.

వేలాపురి రేవుకు ఏటా చీనా ఓడలు వచ్చేవి. శీతకాలపు గాలితో వచ్చి, పట్టూ పింగాణీ అమ్ముకుని, వేసవి చివర నైరుతి గాలి లేవగానే తిరిగి వెళ్ళేవి. అలా వచ్చిన ఒక ఓడలో లిన్ అనే వైద్యుడు ఉన్నాడు. ఏళ్ళ తరబడి వచ్చిపోతున్నాడు కాబట్టి తెలుగు బాగానే పట్టుబడింది. గాలి మారే రోజులు దగ్గర పడటంతో, ఓడ నడిపే సరంగుతో కలిసి రాజుగారి దగ్గర సెలవు పుచ్చుకోవడానికి సభకు వచ్చాడు.

రాజుకు కుతూహలం ఎక్కువ. "మీ దేశంలో ఎండలుంటాయా?" అని అడిగాడు.

"ఉంటాయి మహారాజా. మా ఊరు నది పక్కన. ఉక్కతో ఉడికిపోతాం."

"మరి అప్పుడు ఏం తాగుతారు?"

"వేడినీళ్ళు."

సభలో కొందరు నవ్వారు. నవ్వితే చెమట పడుతుందేమోనని వెంటనే ఆపేశారు. లిన్ మాత్రం రాజు ముఖంకేసి పరీక్షగా చూస్తున్నాడు. "మహారాజా, ఒక్కసారి నాలుక చాపుతారా?" అన్నాడు.

వేదగిరి శాస్త్రి గుండె మీద చెయ్యేసుకున్నాడు. రాజు కనుబొమలు పైకెత్తి, "మా నాలుక ఉన్నది ఆజ్ఞలివ్వడానికి, చూపించడానికి కాదు" అన్నాడు.

"మా గురువులు నాలుక చూడకుండా మందు చెప్పరు. సరే, చెయ్యి ఇప్పించండి." లిన్ రాజు మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు ఉండిపోయాడు. "ఆకలి లేదు. తల బరువు. రాత్రిళ్ళు నిద్ర రాదు. అవునా?"

రాజు ఆశ్చర్యపోయి శాస్త్రి వంక చూశాడు. శాస్త్రి దూలాల వంక చూశాడు.

"అవును. ఎందుకలా?"

"కడుపు ఒక పొయ్యి అని మా వైద్యం చెబుతుంది. పొయ్యి వెలిగితేనే అన్నం ఉడుకుతుంది. మహారాజు పొద్దున్నుంచీ దానిమీద చన్నీళ్ళు పోస్తున్నారు. ఇంకొకటి. వేసవిలో ఒళ్ళు తన తలుపులు తెరిచి లోపలి వేడిని బయటికి పంపుతుంది. చెమట అంటే అదే. మహారాజు తలుపులన్నీ మూసేశారు. వేడి లోపలే కూర్చుంది."

"దానికి మందు?"

"గోరువెచ్చని చేమంతిపూల కషాయం, పెసరకట్టు, బూడిద గుమ్మడికాయ కూర. తెల్లవారుజామున నడక, మధ్యాహ్నం కాస్త విశ్రాంతి. కోపం వద్దు. వేసవి గుండెకు చెందిన కాలమని మా పెద్దలు అంటారు. అందుకే మనసు ఉల్లాసంగా ఉండాలి. రోజూ కొంచెం చెమట పట్టాలి."

చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది. రాజు దిగ్గున లేచాడు. "రాజుకు చెమటా! కొలువులో నిలబడి, మా ఎదుటే అంటావా? అయితే విను. మా నుదుట చెమట కనబడిన తరవాతే మీ ఓడ లంగరెత్తుతుంది. అంతదాకా రేవు వదలడానికి వీల్లేదు."

సరంగు ముఖం పాలిపోయింది. ఈ గాలి తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. లిన్ సభలోంచి వెళ్ళేటప్పుడు గడప కనబడక తట్టుకున్నాడు. కిందటేడు దారిలో గాలి తప్పి ఒక రేవులో ఆగిపోవడంతో, ఆయన భార్యనూ కూతురినీ చూసి అప్పటికే రెండేళ్ళయింది.

ఇదంతా చూస్తూ సభలో ఒక స్తంభానికి ఆనుకుని పేరిభట్టు అనే కవి కూర్చున్నాడు. ఈ ఆస్థానంలో ఏ పనీ చెయ్యకుండా జీతం పుచ్చుకునేది తానొక్కడినేనని ఆయన చెప్పుకునేవాడు. అది తక్కినవాళ్ళకు చురకేనని గిట్టనివాళ్ళ మాట. ఆ సాయంత్రం ఆయన లిన్ విడిదికి వెళ్ళాడు.

లిన్ అరుగుమీద కూర్చుని ఎండిన చేమంతిపూలు జాడీలో సర్దుతున్నాడు. సర్దినవాటిని మళ్ళీ తీసి మళ్ళీ సర్దుతున్నాడు. ఓడ వెళ్ళనప్పుడు సర్దుకునేందుకు ఇంకేముంటుంది?

"వైద్యులవారూ, ఆ కషాయం నాకొక గిన్నె ఇప్పిస్తారా?" అన్నాడు పేరిభట్టు. "రాజుగారికి అంత కోపం తెప్పించింది ఎలా ఉంటుందో చూడాలని ఉంది."

లిన్ ఇచ్చాడు. పేరిభట్టు అనుమానంగా ఒక గుక్క, అనుమానం లేకుండా తక్కినది తాగాడు. కాసేపట్లో నుదురంతా చెమట పట్టింది. సముద్రం మీదినుంచి సాయంకాలపు గాలి వచ్చి తగిలింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. వట్టివేళ్ళ తడికల మధ్య వేసవంతా కూర్చున్నా అంత చల్లగా ఎన్నడూ అనిపించలేదు.

"ఇది తాగి సభకు వెళితే నన్ను బయటికి పంపేస్తారు కదా" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"అయ్యో, పంపేస్తారు."

"అయ్యో ఎందుకండీ? రేపు శాస్త్రిగారు తాను రాసిన రాజస్తుతి నూరు పద్యాలూ చదువుతారు." పేరిభట్టు కళ్ళు తెరిచి నిటారుగా కూర్చున్నాడు. "సభ వెనక, సముద్రం వైపు గాలిమండపం ఉంది. శాసనం వచ్చాక అటు పోయినవాడు లేడు. రేపు మీ గిన్నెలూ పూలూ తీసుకుని అక్కడికి రండి."

"రాజుగారి చేత తాగిస్తారా?"

"నేను తాగించను. ఆయనే అడగాలి."

"ఆయన ఎందుకు అడుగుతారు?"

"అందరూ పోయేచోటికి తానొక్కడూ పోలేకపోతే రాజైనా చంటిపిల్లవాడేనండీ" అన్నాడు పేరిభట్టు.

మర్నాడు శాస్త్రి మూడో పద్యం ఎత్తుకునేసరికి పేరిభట్టు నుదుట చెమట మెరిసింది. ప్రతీహారి వచ్చి భుజం తట్టాడు. పేరిభట్టు ఎంతో విచారం కనబరుస్తూ వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం దండనాయకుడు కాటమనాయుడు ఆయన్ని పట్టుకుని, "నిన్ను బయటికి పంపిస్తే అంత తేటగా ఉన్నావేమయ్యా?" అని అడిగాడు. మర్నాడు కాటమనాయుడికీ చెమట పట్టింది. ఆ మర్నాడు మంత్రిగారికి. తరవాత ఇద్దరు సామంతులకు, ముగ్గురు పండితులకు. సభ ఎండాకాలపు చెరువులాగా అంచులనుంచి తగ్గుతూ వచ్చింది.

ఒకనాటి మధ్యాహ్నం రాజు కళ్ళెత్తి చూస్తే ఎదుట ప్రతీహారి, వింజామర వేసేవాడు, వేదగిరి శాస్త్రి మాత్రమే ఉన్నారు. తడికల అవతలినుంచి నవ్వులు వినిపించాయి. ఒకరిద్దరివి కావు, పెళ్ళివారి విడిదిలో లాగా గుంపు నవ్వులు.

"ఏమిటా నవ్వులు?" అన్నాడు రాజు. "వెళ్ళి చూసిరా."

ప్రతీహారి వెళ్ళాడు. తిరిగి రాలేదు. రాజు కొంతసేపు చూసి వింజామరవాడిని పంపాడు. వాడూ రాలేదు. నవ్వులు మాత్రం ఇద్దరు మనుషులంత పెరిగాయి.

"శాస్త్రీ, నువ్వు వెళ్ళు."

వేదగిరి శాస్త్రికి ఆ చెమ్మలో కూర్చుని కూర్చుని పడిశం పట్టింది. ముక్కు ఎగబీల్చి, "ఏలినవారిని ఒంటరిగా వదిలి ఎలా వెళ్ళను?" అన్నాడు. తాను వెళితే తనకూ చెమట పడుతుందనీ, ఇన్నాళ్ళు చెప్పిన వైద్యం అందులో కొట్టుకుపోతుందనీ ఆయన భయం. రాజుకు ఇక ఆగాలనిపించలేదు. తానే లేచి తడిక తొలగించుకుని బయటికి నడిచాడు.

గాలిమండపంలో కొలువంతా ఉంది. ఎవరి చేతిలో చూసినా గిన్నె. ఒక మూల పెసరకట్టు కుండ, ఒక మూల బూడిద గుమ్మడికాయ కూర. మంత్రిగారు తలపాగా తీసి పక్కన పెట్టుకున్నారు. రాజు మెట్టెక్కగానే అందరూ లేచి నమస్కరించారు. ఆ తరవాత గిన్నెలు పట్టుకుని అటువైపు మెట్లు దిగి, తాటిచెట్ల నీడకు వెళ్ళిపోయారు.

"ఆగండి. ఎక్కడికి?" అన్నాడు రాజు.

పేరిభట్టు దూరంనుంచే చేతులు జోడించాడు. "చెమట పట్టినవాడు తమ ఎదుట ఉండరాదని శాసనం ప్రభూ. ఆజ్ఞ తప్పితే మా తలలు ఉంటాయా? మండపం తమదే, కూర్చోండి."

ఖాళీ మండపంలో కూర్చుని ఏం చేస్తాడు? రాజు తాటిచెట్ల కిందికి నడిచాడు. వాళ్ళు మళ్ళీ నమస్కరించి మండపంలోకి వచ్చేశారు. రాజు వెనక్కి తిరిగాడు. వాళ్ళు మళ్ళీ లేవబోయారు. ఇసుకలో, పట్టు అంగరఖాలో, కిరీటంతో, ఎండలో మహారాజు ఒక్కడే నిలబడ్డాడు. ముఖం జేవురించింది గాని చెమట చుక్క లేదు.

అది చూసి లిన్ నవ్వు ఆగిపోయింది. పేరిభట్టు చెవిలో, "ఈ ఆట చాలు. ఒళ్ళు ఎర్రబడి చెమట పట్టకపోతే ప్రమాదం. ఆయనకు నీడ కావాలి" అన్నాడు. తన ఓడను ఆపేసినవాడు ఈయనేనని లిన్ ఆ క్షణంలో ఆలోచించినట్టు లేదు. ఎదుట ఉన్నది రోగి, అంతే.

పేరిభట్టు పరుగున వెళ్ళి రాజును మండపం మెట్టుమీద నీడలో కూర్చోబెట్టాడు. తాను ఒక స్తంభం చాటున నిలబడ్డాడు, ఎదుట పడకుండా.

"ఏముంది ఆ గిన్నెల్లో?" అన్నాడు రాజు.

"రాజులు తాగదగింది కాదు ప్రభూ."

"ఎందుకు నవ్వుతున్నారు అందరూ?"

"వేసవిలో నవ్వాలట. అదీ మందేనట."

పెసరకట్టులో వేసిన ఇంగువ తాలింపు వాసన ఇటు కొట్టింది. ఎన్నాళ్ళకో ఆయన నోట్లో నీళ్ళూరాయి. "మాకూ ఒక గిన్నె ఇవ్వు" అన్నాడు, ఎటో చూస్తూ.

"వేడిగా ఉంటుంది ప్రభూ."

"ఇవ్వమన్నాను."

"చెమట పడుతుంది."

"పట్టనీ."

"ఆ మాట ఇంకొక్కసారి సెలవియ్యండి. దండనాయకుడుగారికి సరిగా వినబడలేదు."

"పట్టనీ అన్నాను" అని రాజు గట్టిగా అన్నాడు. రేవులో నిలిచిన ఓడ దాకా వినబడి ఉంటుంది.

లిన్ గిన్నె అందించాడు. రాజు ముఖం చిట్లించి తాగాడు. అందరూ ఆయన నుదురుకేసి చూశారు. ఏమీ లేదు. లిన్‌తోపాటు వచ్చిన సరంగు రేవులోని ఓడమీది జెండా వంక చూశాడు. అది అప్పటికే నైరుతి గాలికి ఈశాన్యం వైపు ఎగురుతోంది. రాజు ఇంకో గిన్నె తాగాడు. అప్పుడూ ఏమీ లేదు.

"తలుపులు చాలాకాలంగా మూసి ఉన్నాయి. బిగుసుకుపోయి ఉంటాయి. తొందర వద్దు" అన్నాడు లిన్. తొందర ఉన్నది ఆయనకే. "ఆ బరువులు తియ్యండి మహారాజా. ఎవరైనా ఏదైనా మంచి మాట చెప్పండి."

రాజు కిరీటం తీశాడు. అంగరఖా ముడి విప్పాడు. "కాటమనాయుడూ, నీకు చెమట ఎలా పట్టింది?" అని అడిగాడు.

దండనాయకుడు నిజాయితీ గల మనిషి. "మొదటిరోజు ఎంత తాగినా పట్టలేదు ప్రభూ. అటు చూస్తే శాస్త్రిగారు పద్యాలు మొదలుపెట్టేస్తున్నారు. భయమేసింది. కోట చుట్టూ పరుగెత్తి వచ్చాను. ద్వారం దగ్గర కాపలావాళ్ళు శత్రువు వచ్చాడనుకుని నగారా మోగించారు. వాళ్ళను ఊరుకోబెట్టేసరికి పట్టింది."

రాజు పెదవి బిగపట్టాడు. ఆగలేదు. పొట్ట కదిలేలా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ముక్కు కొసన ఒక చుక్క నిలిచింది, తరవాత నుదుట, తరవాత మెడ చుట్టూ. అప్పుడే సముద్రం మీదినుంచి గాలి లేచింది.

రాజు నవ్వు ఆపి వెనక్కి తిరిగాడు. "ఎవరయ్యా వింజామర వేసింది?"

ఎవరూ వెయ్యలేదు. వింజామర వేసేవాడు పెసరకట్టు జుర్రుతున్నాడు.

"గాలి ప్రభూ. చెమటమీద తగిలింది" అన్నాడు పేరిభట్టు స్తంభం చాటునుంచి బయటికి వస్తూ.

రాజు నుదురు తడుముకుని తడిసిన వేళ్ళు చూసుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఈ చల్లదనం ఎక్కడుంది?"

"మాతోపాటే ప్రభూ. తమరు బయటికి పంపించేశారు."

రాజు ఆ మాటకు కోపం తెచ్చుకోబోయి, తెచ్చుకోలేకపోయాడు. పెసరకట్టుతో కడుపునిండా అన్నం తిన్నాడు. అక్కడే, ఉత్త నాపరాతి మీద, తలకింద చెయ్యి పెట్టుకుని నిద్రపోయాడు. ఆయన గురక విని మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు. రాజు నిద్రపోవడం చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకు తెలుసు.

పొద్దు వాలుతుండగా రాజు లేచేసరికి సరంగు, లిన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. రాజుకు తన మాట గుర్తొచ్చింది. పేరిభట్టు వంక చూసి, "ఇదంతా నీ పన్నాగమా?" అన్నాడు.

"పన్నాగం ఎక్కడుంది ప్రభూ? శాసనం తమది. గిన్నె అడిగింది తమరు. నేను రెండుసార్లు వద్దన్నాను కూడా."

"మాట మాటే. సరంగూ, రేపే లంగరెత్తు." సరంగు సాగిలపడ్డాడు. అంతలో రాజు లిన్ భుజంమీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేయడంలో ఎంతో ప్రేమ ఉంది. "ఓడ వెళుతుంది. నువ్వు మాత్రం మా దగ్గరే ఉంటావు. ఆస్థాన వైద్యుడివి నువ్వే. మేడ కట్టిస్తాం, ఊరు రాసిస్తాం. నిన్ను వదలం."

లిన్ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. రాజు కోపానికి విరుగుడు దొరికింది గాని, ఈ ప్రేమకు ఏం చెయ్యాలి? లిన్ వంగి నమస్కరించాడు. అందరూ పేరిభట్టు వంక చూశారు.

పేరిభట్టు నెమ్మదిగా అన్నాడు. "ప్రభూ, ఈ మధ్యాహ్నం తమరు నేర్చుకున్న వైద్యం ఏమిటి?"

"లోపలి వేడిని బయటికి పోనివ్వాలని. తలుపులు మూస్తే జబ్బు చేస్తుందని."

"ఈయనకు భార్య ఉంది, కూతురు ఉంది. వాళ్ళను చూసి రెండేళ్ళయింది. ఇంటిమీద బెంగ కూడా వేడేనండీ. మనం చుట్టూ తడికలు కట్టి, పైన ప్రేమ అనే చన్నీళ్ళు చల్లినా అది చల్లారదు. లోపలే కూర్చుంటుంది. వచ్చే వేసవికి తమ ఆస్థాన వైద్యుడికి తలబరువు, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం. నాడి పట్టి మందు చెప్పడానికి అప్పుడు ఎవరిని పిలుస్తారు? శాస్త్రిగారినా?"

అదే క్షణంలో సభామందిరంలోంచి శాస్త్రి తుమ్ము వినబడింది. ఒకటి కాదు, వరసగా.

రాజు లిన్ ముఖంలోకి చూశాడు. ఈసారి రాజులాగా కాదు, రెండేళ్ళు ఇంటికి దూరమైతే ఎలా ఉంటుందో మొదటిసారి ఊహించుకుంటున్నవాడిలాగా చూశాడు. తరవాత నవ్వాడు. పెద్దగా నవ్వాడు. "తలుపులు తెరవండి. వైద్యుడు ఓడెక్కుతాడు. మా నాలుక ఆజ్ఞలివ్వడానికేనని అన్నాం కదా, ఇదీ ఆజ్ఞే."

లిన్‌కు బంగారం ఇచ్చాడు. ఆయన కూతురికి కట్టుకోమని వేలాపురి నేత చీర ఇచ్చాడు. చెమట శాసనం రద్దు చెయ్యలేదు, ఆడిన మాట కదా. అది సభామందిరానికే చెల్లుతుందనీ, ఇకమీద వేసవంతా కొలువు గాలిమండపంలోనే జరుగుతుందనీ, చెమట పట్టనివాళ్ళు అక్కడికి రాకూడదనీ ఇంకో శాసనం చేశాడు. వేదగిరి శాస్త్రి పడిశం తగ్గడానికి రోజూ రెండు గిన్నెల కషాయం తాగాలని కూడా ఉత్తరువైంది.

పేరిభట్టును పిలిచి, తన భుజాలమీది జరీ శాలువా తీసి కప్పబోయాడు రాజు.

పేరిభట్టు ఒక అడుగు వెనక్కి వేశాడు. "ప్రభూ, ఈ ఎండల్లో శాలువా కప్పితే దాన్ని సన్మానం అనరు."

రాజు నవ్వుతూ ఆ శాలువా మంత్రికిచ్చి దాచమని చెప్పి, సొంత చేతులతో తాటాకు విసనకర్ర పట్టి, నిలబడి ఆ కవికి విసిరాడు. కొలువంతా చూస్తుండగా విసిరాడు. అలాంటి సన్మానం ఆ రాజ్యంలో అంతకు ముందు ఎవరికీ జరగలేదు. శాలువా, దానితోపాటు ఒక మాన్యం, శీతకాలంలో అందాయి.

మర్నాడు నైరుతి గాలికి తెరచాపలు విచ్చుకున్నాయి. ఆ ఓడ చీనాకు వెళ్ళింది, ఈ కథ నోటినోటా మనదాకా వచ్చింది.